గుట్టకింది తండాలో తప్పిపోయిన కొడుకు

పంది చెవులు రెండు తక్కువ పడ్డాయి. మంగవ్వ చర్చి వెనక గది గడపలో కూర్చుని, బిస్కెట్ల అట్టపెట్టె మూతను మోకాలి మీద పరుచుకుని, బీడీల ఆకు కోసే పాత కత్తెరతో చకచకా కోస్తోంది. సూర్యుడు ఇంకా పైకి రాలేదు. రాకపోతేనేం, మే నెలలో ఎల్లారెడ్డి ఊరికి సూర్యుడితో పనిలేదు. నేల రాత్రంతా దాచుకున్న వేడి చాలు, గడపలో కూర్చున్న మనిషికి చెమట పట్టడానికి.

చెవులు కోసి, బొగ్గుపొడి నీళ్ళలో కలిపి నల్లగా పూసి, ఆరడానికి ఇటుక మీద పెట్టింది. తల ఒక పక్కకు వంచి చూసుకుంది. "మంచి పందులే అయినయి," అంది. వినడానికి అక్కడ ఎవరూ లేరు. ఒంటరిగా బతికేవాళ్ళకు అదో అలవాటు.

మనిషి పొట్టి. చామనఛాయ అని చెప్పుకుంటుంది గాని నలుపే. జుట్టు ముడి వేస్తే రేగుకాయంత. ముంజేతి మీద చిన్నప్పుడు రామారెడ్డి సంతలో పొడిపించుకున్న పచ్చబొట్టు తేలు ఉంది, చర్మం ముడతలు పడేసరికి అది ఇప్పుడు రొయ్యలా కనిపిస్తుంది. కళ్ళద్దాల కాడ విరిగితే దారం కట్టి చెవికి చుట్టుకుంది. కుడిచేతి బొటనవేలి గోరు మాత్రం పెద్దది, కొమ్ములా గట్టిది. కామారెడ్డిలో ఏళ్ళ తరబడి బీడీల మూతులు మడిచిన గోరు అది. ఆమె బీడీలు మానేసినా గోరు మాత్రం నౌకరీ మానలేదు. అట్ట మడవాలన్నా, కాగితం పూలు చేయాలన్నా ముందుకొచ్చేది అదే.

చర్చిలో ఆమె ఉద్యోగం పేరు బైబిలు స్త్రీ. ఇల్లిల్లూ తిరిగి, మంచాన పడ్డవాళ్ళను పలకరించి, ప్రార్థన చేసి, చదువు రానివాళ్ళకు నాలుగు మాటలు చదివి వినిపించి రావాలి. ఏడాదిలో మిగతా నెలలన్నీ ఆమె ఉన్నట్టే ఎవరికీ తెలియదు. ఎండాకాలం వచ్చి, బడులు మూసేసి, చర్చివాళ్ళు పల్లెల్లో పిల్లలకు సెలవుల బడి పెట్టే రోజులు వచ్చాయా, ఇక మంగవ్వను పట్టలేం. ప్రసంగం చేయమంటే ఆమె గొంతులో పచ్చివెలక్కాయ పడుతుంది. కథ చెప్పమంటే మాత్రం మేకపిల్లా తానే, తోడేలూ తానే, కర్ర పట్టుకుని కాసేవాడూ తానే.

ఆమె వంతుకు వచ్చింది గుట్టకింది తండా. లింగంపేట దారిలో బస్సు దిగి, కొంత ఎక్కి, కొంత దిగి పోవాలి. ఆ ఎండలో లంబాడీల తండాకు పోతామని ఇంకెవరూ పోటీ పడకపోవడంతో ఏడాదికేడాది అది ఆమెదే అయిపోయింది. ఇప్పుడు ఎవరైనా అడిగినా ఇవ్వదు.

అయితే ఈసారి ఇవ్వడం ఇవ్వకపోవడం ఆమె చేతుల్లో లేదు. పోయిన ఆదివారం కొత్త అయ్యగారు ఆరాధన అయ్యాక ఆమెను నిలబెట్టి మాట్లాడారు. కామారెడ్డిలో ఉంటూ ఈ చుట్టుపక్కల చర్చిలన్నీ చూసుకునే పాస్టరు ఆయన. చెడ్డవారు కాదు, ప్రతిదానికీ ఫలితం చూసే మనిషి.

"అమ్మా, ఇన్నేళ్ళ నుంచి తండాలో బడి నడుస్తున్నది. పిల్లలొస్తున్నరు, పాడుతున్నరు, బిస్కెట్లు తింటున్నరు, పోతున్నరు. ఒక్క తల్లి వచ్చి కూర్చున్నదా? తల్లులు కూర్చోని చోట ఎన్నాళ్ళని చాప పరుస్తం? వచ్చే ఏటి నుంచి ఎల్లారెడ్డిలోనే పెడదాం. రావాలనుకున్న పిల్లలు ఇక్కడికే వస్తరు."

"పసులు కాసుకునే పిల్లలు ఈడికెట్లస్తరు అయ్యగారు," అంది మంగవ్వ. అక్కడితో ఊరుకుని ఉంటే సరిపోయేది. నోరు ఊరుకోలేదు. "ముగింపు నాడు మీరే రాండ్రి. తల్లులు కూసుంటరు. మీ కండ్లతోనే సూస్తరు," అనేసింది.

అనేశాక నాలిక కరుచుకుంది. తండాలో తల్లులు ఎవరి గడపల్లో వాళ్ళు నిలబడి చూడటమే గాని, వేపచెట్టు కిందికి వచ్చి కూర్చున్నది ఏనాడూ లేదు. కాని అయ్యగారు తల ఊపారు. కూర్చుంటే బడి ఉంటుంది, లేకుంటే ఎత్తేస్తాం అని మాట అయిపోయింది. ఆ ముగింపు నాడు ఈ వేళే.

"ప్రభువా, అప్పుడే నా నోటికి తాళమెయ్యకపోతివి," అంది మంగవ్వ, చెవులు సంచిలో సర్దుకుంటూ. "ఎయ్యలేదు గనక ఇగ నువ్వే సూసుకో."

కామారెడ్డి బస్సులో కండక్టరు ముక్తారు ఆమెకు డ్రైవరు వెనక సీటు ఆపి ఉంచాడు. సన్నగా, పొడుగ్గా, చెవి మీద పెన్ను పెట్టుకుని ఉంటాడు. ఈ దారిలో ఎక్కే ముసలివాళ్ళందరూ తన బంధువులే అన్నట్టు మాట్లాడతాడు.

"ఏందవ్వా, సంచిలకెల్లి చెవులు బయటికొచ్చినయి?"

"పందులు బిడ్డా. నీ పక్కకు పెట్టన్నా?"

ముక్తారు తోబా అంటూ తన చెవులు పట్టుకుని నవ్వాడు. "అట్టవైతే అయినయి గని, ఆ మూలకే ఉండనీ. ఇయ్యాల ఏం ఆట?"

"తప్పిపోయిన కొడుకుది. ఆస్తి పంచుకపోయి, అంత తిని, పందులు కాసి, మల్ల ఇంటికొస్తడు."

"మా గల్లీల గట్లాంటోడు ఉన్నడు. వాడు ఇంటికి రాకుంటెనే వాళ్ళ నాయిన నిమ్మలంగ ఉంటడు," అన్నాడు ముక్తారు. "పొద్దుమీకేటి ట్రిప్పు గూడ నాదే. మలుపుకాడ నిలబడు, ఆపిత్త."

మలుపు దగ్గర దిగి, సంచి నెత్తిన పెట్టుకుని, మంగవ్వ గుట్టదారి పట్టింది. సగం ఎక్కేసరికి ఎడమ భుజం దగ్గర ఎవరో గుంజినట్టయింది. ఈ మధ్య అది మామూలే. పొద్దున తాగిన చాయ్ మీదికి నేరం నెట్టి, తునికి చెట్టు నీడలో రాయి మీద కూర్చుంది. కింద రాలిన తునికి పండొకటి తుడిచి నోట్లో వేసుకుంది. తియ్యగా ఉంది. గింజ ఉమ్మి ఇంకోటి వెతుక్కుంది.

ఆమె ఎన్ని కథలు చెప్పినా తప్పిపోయిన కొడుకు కథ చెప్పని ఏడాది లేదు. దానికి కారణం ఉంది. మొగుడు పోయాక కామారెడ్డిలో బీడీలు చేసుకుంటూ, పక్కింటామె వెంట చర్చికి పోయి, అక్కడే అక్షరాలు నేర్చుకుని, అక్కడే ఉండిపోయింది. పుట్టింటివాళ్ళకు అది నచ్చలేదు. కొన్నేళ్ళకు తల్లికి బాగాలేదని తెలిసి పుట్టిన ఊరు రామారెడ్డికి పోయింది. అన్న తిట్టలేదు. ఎందుకొచ్చినవని అడగలేదు, వచ్చినవా అని కూడా అనలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి వాకిట్లో పెట్టి, పశువుల కొట్టంలో చాప వేయించి, పొలం చూడటానికి పోయాడు. తిట్టినా బాగుండు అనిపించింది ఆమెకు. తల్లి దినాలయ్యాక వచ్చేసింది, మళ్ళీ పోలేదు.

అందుకే కథలో ఆ తండ్రి కొడుకును దూరం నుంచే చూసి, ముసలితనం మరిచి పరుగెత్తుకుంటూ పోయి, మెడ చుట్టూ చేతులు వేసి ముద్దులు పెట్టుకునే చోటికి వచ్చేసరికి మంగవ్వ ఎప్పుడూ కొంగు కళ్ళకు అద్దుకుంటుంది. ఆ ముక్క చెబుతుంటే ఆమెకు ఏడుపొస్తుంది, ఆ ఏడుపు ఆమెకు ఇష్టం. కొందరికి మిఠాయి ఇష్టం, ఆమెకు ఆ ముక్క.

తండా కనిపించేసరికి పిల్లలు ఎదురొచ్చి సంచి లాక్కున్నారు. పంది వేషాలు వేసే చిన్నవాళ్ళు చెవుల కోసం అప్పుడే కొట్లాట మొదలుపెట్టారు. తప్పిపోయిన కొడుకు వేషం సక్రుది, అప్పుడప్పుడే గొంతు మారుతున్న పిల్లవాడు. తండ్రి వేషానికి ఒక బొద్దు పిల్లవాడు, వాడికి పత్తి గడ్డం. పెద్ద కొడుకు హీర్యా. వాడికి నూనూగు మీసం వస్తోంది, తండాలో అందరికంటే పొడుగు, కబడ్డీలో ఎదురులేదు. ఎప్పుడూ ఇంట్లోనే ఉండి, తమ్ముడు తిరిగొస్తే మూతి ముడుచుకునే వేషం తనకెందుకని వాడికి మొదటి రోజు నుంచీ గొణుగుడే.

దూడ కూడా ఉంది, అట్టది కాదు, నిజమైనది. దాని సొంతదారు ఆరేళ్ళ బుజ్జి, దాని తాడు వదలకుండా కూర్చుంది. కథలో దూడను కోసి విందు చేస్తారని తెలిసినప్పటి నుంచీ ఆ పిల్ల ఎవరినీ నమ్మడం లేదు. "కోసుడు లేదు బిడ్డా, అందరం కలిసి దానికి గడ్డి పెడుదం," అని మంగవ్వ ఒట్టు పెడితే గాని తీసుకురాలేదు.

తండా నాయకుడి ఇంటి ముందు నుంచి పోతూ మంగవ్వ ఆగింది. గడపలో నాయకుడి తల్లి జమ్లీబాయి కూర్చుని చుట్ట కాలుస్తోంది. మోచేతుల పైదాకా తెల్లగాజులు, చెంపల మీద వేలాడే వెండి బిళ్ళలు, రవిక నిండా కుట్టిన అద్దాలు. ఆమె కాలు కదిపితే గాని తండాలో ఆడవాళ్ళెవరూ కాలు కదపరు. మంగవ్వకు ఆ సంగతి బాగా తెలుసు.

"రామ్ రామ్ అక్కా. ఇయ్యాల పిల్లల ఆట ఉన్నది. వచ్చి కూసో."

"మేకలున్నయి," అంది జమ్లీబాయి.

"మేకలు గుట్ట మీదికి పోయినయి గద."

"మల్ల వస్తయి గద."

మంగవ్వ ఇంకా గడప ముందే నిలబడింది. "మీ కథలు మీకు, మా కథలు మాకు పాటలవ్వా," అంది జమ్లీబాయి, కోపం లేకుండానే. పొగ వదిలి, ఇక మాట్లాడేది లేదన్నట్టు అటు తిరిగింది.

వేపచెట్టు కింద చాప పరిచి, మంగవ్వ ఆటను ఇంకోసారి ఆడించి చూసింది. పాటలు పాడే ఆడపిల్లలకు పెద్ద చాందీ. పదిహేనేళ్ళ పిల్ల, ప్రతిదానికీ ప్రశ్న వేస్తుంది. సక్రు ఇంటికి రావడం, తండ్రి మెడ పట్టుకోవడం అయ్యాక చెయ్యెత్తింది.

"అవ్వా, వీళ్ళమ్మ ఏది?"

"కథల అమ్మ లేదు బిడ్డా. నాయిన ఉన్నడు."

"సచ్చిపోయిందా?"

"అది రాయలేదు."

"అక్కలు? పెద్దమ్మలు?"

"వాళ్ళను గూడ రాయలేదు."

చాందీ వదల్లేదు. "ఆడోళ్ళు లేని ఇంటికి వాడెందుకొచ్చిండు మరి? వస్తే ఎవలు ఏడుస్తరు?" అంది. మిగతా పిల్లలు కూడా అదే అనుమానంతో చూశారు.

వాళ్ళ అనుమానంలో తప్పులేదు. తండాలో చాలాకాలానికి చుట్టం వచ్చినా, ఇంటి ఆడపిల్లను అత్తవారింటికి పంపినా ఆడవాళ్ళు మెడ మెడ కౌగిలించుకుని రాగం తీసి ఏడుస్తారు. ఏడుపే పాట, పాటే మాట. అది దుఃఖం కాదు, మర్యాద. మొదటి ఏడాది ఈ సంగతి తెలియక, ఎవరి ఇంట్లోనో పుట్టింటివాళ్ళు వచ్చి ఏడుస్తుంటే, ఎవరో పోయారనుకుని మంగవ్వ గబగబా పోయి ఓదార్పు ప్రార్థన మొదలుపెట్టింది. తండా అంతా నవ్వింది.

"నాయిన ముద్దు పెట్టుకుంటడు, అది సాలుతది," అని మంగవ్వ అప్పటికి తేల్చేసింది. చాందీ సరేనన్నట్టు తల ఊపింది. ఆ ఊపుడు చూసైనా అనుమానపడి ఉండాల్సింది.

ఎండ కాస్త వాలాక అయ్యగారి మోటారుసైకిలు వచ్చింది. నాయకుడు ఎదురుపోయి, కుర్చీ వేయించి, నీళ్ళిప్పించాడు. అయ్యగారు రుమాలుతో మెడ తుడుచుకుని చుట్టూ చూశారు. చాప మీద పిల్లలు. దూరంగా గడపల్లో తల్లులు, కొంగు పళ్ళ మధ్య పట్టుకుని.  ఆయన మంగవ్వ వంక ఒకసారి చూశారు, అంతే. ఆమె వెంటనే పిల్లల వైపు తిరిగింది.

"మొదలు పెట్టుండ్రి," అంది, గొంతు గట్టిది చేసుకుని.

పాటలయ్యాక ఆట మొదలైంది. సక్రు ఆస్తి అడిగాడు, పట్నం పోయాడు, ఆకుల నోట్లు విసిరి అయిపోగొట్టాడు. తరవాత పందులొచ్చాయి. అక్కడ కథ చేయి జారింది. పందులకు పంది వేషం ఎంత నచ్చిందంటే సక్రు ఎంత తోలినా లోపలికి పోవు. ఒకటి అయ్యగారి కుర్చీ కిందికి దూరి, బూట్లు వాసన చూసింది. అయ్యగారు కాళ్ళు పైకి పెట్టుకున్నారు. గడపల్లో కొంగుల చాటున నవ్వులు వినిపించాయి. నవ్వుతున్నారు గాని కదలడం లేదు. మంగవ్వ ఒక కన్ను ఆట మీద, ఒక కన్ను జమ్లీబాయి గడప మీద పెట్టి నిలబడింది.

సక్రు గోనెసంచి కప్పుకుని కుంటుతూ ఇంటిదారి పట్టాడు. పత్తి గడ్డం తండ్రి పరుగెత్తుకుంటూ పోయి మెడ పట్టుకున్నాడు. ఇక దూడను తేవాలి. మంగవ్వ తాడు పట్టుకుని ముందుకు అడుగు వేసింది.

అప్పుడే చాందీ లేచింది. ఓణీ నెత్తి మీదికి లాక్కుని, వెనక ఇంకో ముగ్గురు పిల్లలను వేసుకుని మధ్యకు పోయింది. పత్తి గడ్డం తండ్రిని పక్కకు నెట్టి, సక్రు మెడ కౌగిలించుకుని, గొంతెత్తి రాగంతో ఏడవడం మొదలుపెట్టింది. మిగతావాళ్ళు అందుకున్నారు. సక్రు దిక్కుతోచక మంగవ్వ వైపు చూశాడు. మంగవ్వకు ఎటు చూడాలో తెలియలేదు.

"ఇది కథలో ఉన్నదా అమ్మా?" అన్నారు అయ్యగారు.

"లేదయ్యగారు," అంది మంగవ్వ. ఆమెకు నిజం తప్ప ఏదీ తట్టలేదు. "రాసేటప్పుడు మరిసి ఉంటరు."

ఇంతలో గడపల్లో నవ్వు పొర్లింది. ఈసారి కొంగు చాటున కాదు, పొట్టలు పట్టుకుని. ఒకామె గోడకు ఆనుకుని కూలబడింది. సంగతేమిటంటే పిల్లలకు తెలిసిన ఏడుపు ఒకటే, పెళ్ళిళ్ళలో విన్నది. పెళ్ళికూతురు పుట్టిల్లు వదిలిపోయేటప్పుడు ఏడ్చేది. పెంచుకున్న మేకపిల్లను విడిచిపోతున్నా, చేదుకున్న బావిని విడిచిపోతున్నా, నన్ను పరాయి తండాకు పంపుతున్నారా అని, అదంతా మూతి మీద మసి పూసుకున్న సక్రు మెడ పట్టుకుని పాడుతున్నారు. ఏళ్ళ తరవాత ఇల్లు చేరిన కొడుకును పాపం వీళ్ళు అత్తవారింటికి సాగనంపుతున్నారు.

జమ్లీబాయి చుట్ట గోడకు నలిపి పక్కన పెట్టింది. లేచింది. గాజులు గలగలమన్నాయి.

"ఆపుండ్రి," అంది. చాందీ గొంతు టక్కున ఆగిపోయింది. జమ్లీబాయి వాకిలి దాటి, దారి దాటి, వేపచెట్టు నీడలోకి వచ్చింది. "పోరడు ఇంటికొచ్చిండా, అత్తగారింటికి పోతున్నడా? కలిసినప్పటి ఏడుపు ఏరే ఉంటది, పంపేటప్పటి ఏడుపు ఏరే ఉంటది. ఇంత పెద్దగైనరు, గింత తెల్వదా? సుట్టాలు సూస్తున్నరు. తండా ఇజ్జతేం గావాలె?"

అని, సక్రును దగ్గరికి లాక్కుని, వాడి తల తన భుజానికి ఆనించుకుని, కళ్ళు మూసుకుంది. మొదట చిన్నగా వచ్చింది రాగం, తరవాత లోపలి నుంచి ఎవరో తోడి పోస్తున్నట్టు వచ్చింది. ఎన్ని ఎండల్లో తిరిగినవు కొడుకా, ఏ బావి నీళ్ళు తాగినవు, నీ కాలిలో ముల్లు విరిగితే ఎవరు తీసినారు, నువ్వు రాని పొద్దు నేను దీపం ఎట్లా పెట్టినాను. భాష మంగవ్వకు సగమే అర్థమైంది. మిగతా సగం అర్థం కావలసిన పని లేదు.

పెద్దావిడ ఏడుస్తుంటే గడపలో నిలబడి చూడటం తండాలో ఎంత తప్పో ఆడవాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. ఒక్కొక్కరే దిగారు. చేతుల్లో పిండి ఉన్నవాళ్ళు పిండితోనే వచ్చారు. సక్రును ఒకరి మెడ నుంచి ఒకరు అందుకుని ఏడ్చారు. వాడు మొదట సిగ్గుపడ్డాడు, తరవాత నిజంగానే వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎందుకురా అంటే వాడికీ తెలియదు. పత్తి గడ్డం ఊడి ఎవరి చేతికో వచ్చింది. దూడ ఆ గడ్డాన్ని తినబోతే బుజ్జి లాక్కుంది. ఏడ్చి ఏడ్చి అలసినవాళ్ళు చాప మీద కూలబడ్డారు, ముక్కులు తుడుచుకుని నవ్వుకున్నారు, పిల్లలను ఒళ్ళోకి లాక్కున్నారు.

అంతలో పక్క నుంచి హీర్యా గొంతు వినిపించింది. "నేనేం పాపం చేసిన? నేను ఈడనే ఉన్న గద. పొద్దుందాక నాగలి దున్నిన గద. నా మెడ మీద ఎవలు ఏడుస్తరు?"

కథలో పెద్ద కొడుకు అనవలసిన మాట కూడా కాస్త అటూ ఇటూగా అదే. కాని వాడు కథ కోసం అనడం లేదు. 

"నువ్వు గూడ యాడికన్న పోయి రారాదు, ఏడుస్తం," అంది జమ్లీబాయి. చాప మీద నవ్వులు లేచాయి. వాడు అలిగి తిరిగిపోతుంటే ఆమే చొక్కా పట్టి వెనక్కి గుంజింది. "ఇటు రా బిడ్డా. ఇంటికాడ ఉన్నోని మీద ఎవలు ఏడ్వరు. అది మా తప్పే." అంత పొడుగు హీర్యా వంగి ఆమె భుజం మీద తల పెట్టాడు.

అయ్యగారు కుర్చీలో నుంచి ఎప్పుడు లేచారో, కుర్చీ ఒక ముసలమ్మకు ఎప్పుడు ఇచ్చారో ఎవరూ చూడలేదు. చాప అంచున కూర్చుందామని చూశారు గాని చోటు లేదు. చేతిలో ప్రసంగం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. కళ్ళద్దాలు తుడుచుకుంటూ మంగవ్వ పక్కకు వచ్చి నిలబడ్డారు.

"వచ్చే ఏడు ఇంకో చాప తేవాలమ్మా," అన్నారు.

మంగవ్వ అవునన్నట్టు తల ఊపింది.  సంతోషం ఎక్కువైతే ఆమె కాళ్ళు చిన్నపిల్లలా నేల మీద ఒకచోట నిలవవు.

దూడకు అందరూ గడ్డి పెట్టారు. అయ్యగారు చిన్న ప్రార్థన చేసి, పిల్లలకు బిస్కెట్లు పంచి, పొద్దుండగానే కామారెడ్డి వైపు బయలుదేరారు. మంగవ్వ సంచి సర్దుకుంటుంటే జమ్లీబాయి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నీది ఏ ఊరు?" అని అడిగింది. ఇన్నేళ్ళలో అడగడం అదే మొదలు.

"రామారెడ్డి."

"అన్నదమ్ములున్నరా?"

"ఉన్నరు. పోను." అని ఆగి, "పోతే ఎవలు పలకరించలే," అంది మంగవ్వ. ఎవరికీ చెప్పని మాట ఎందుకో ఆమెకు చెప్పింది.

జమ్లీబాయి ఆమె ముఖం వంక కొంచెంసేపు చూసింది. తరవాత రెండు చేతులూ చాచి మంగవ్వ మెడ చుట్టూ వేసింది. మంగవ్వకు చుట్ట వాసన, మేకల వాసన, చెంపకు చల్లగా వెండి తగిలాయి. చెవి దగ్గర రాగం మొదలైంది.

"నాకెందుకక్కా," అంది మంగవ్వ. "నేను ఏటేటా వస్తనే ఉన్న గద."

"వస్తున్నవ్, పోతున్నవ్. ఒక్కనాడు నిన్ను కలవలే," అంది జమ్లీబాయి రాగం మధ్యలో. "ఇయ్యాల వచ్చినవ్."

అంతే, మంగవ్వ కట్ట తెగింది. అరవై దాటిన మనిషి, ఎంతమందినో ఓదార్చిన మనిషి, ఒక్క ప్రార్థన ముక్కా గుర్తురాక, ఆ ముసలమ్మ భుజం తడిసేదాకా ఏడ్చింది. ఏ రాగమూ లేదు ఆమె ఏడుపుకు, ఉత్త ఏడుపే. జమ్లీబాయి దాన్ని దిద్దలేదు. వదిలాక ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు.

వచ్చిన చుట్టాన్ని ఉత్తచేతులతో పంపరు. పొయ్యి మీది నుంచి అప్పుడే తీసిన జొన్నరొట్టెలు, పచ్చిమిరప తొక్కు, అద్దాలు కుట్టిన గుడ్డలో మూటకట్టి ఆమె చేతిలో పెట్టారు. మలుపు దాకా తండా సగం వెంట వచ్చింది. మాటల్లో పడి నడవడంతో మంగవ్వకు భుజం నొప్పి గుర్తుకు రాలేదు. వచ్చిందేమో, ఆమె పట్టించుకోలేదు. చాందీ చేయి పట్టుకుని, "వచ్చే ఏడుకు అమ్మ వేషం గూడ పెడుదం తీయ్," అంది.

ముక్తారు బస్సు ఆపాడు. డ్రైవరు వెనక సీటు ఖాళీగానే ఉంది.

"కొడుకు ఇంటికొచ్చిండా అవ్వా?" అన్నాడు టికెట్టు చింపుతూ.

"అందరొచ్చిండ్రు బిడ్డా," అంది మంగవ్వ. మూట ఒళ్ళో పెట్టుకుంది. కిటికీలోంచి చల్లగాలి వస్తుంటే కళ్ళద్దాల దారం చెవి నుంచి విప్పి, అద్దాలు మడిచి చేతిలో పట్టుకుంది. బయట పొలాల మీద పొద్దు వాలుతోంది. ఏదో పాట సన్నగా పాడుకోవడం ముక్తారు విన్నాడు. తరవాత అతను వెనక సీట్ల వైపు పోయాడు.

ఎల్లారెడ్డి వచ్చింది. దిగేవాళ్ళు దిగారు. "అవ్వా, ఊరొచ్చింది," అన్నాడు ముక్తారు. తల కిటికీ చువ్వకు ఆనించి ఉంది, పెదవుల మీద నవ్వు అట్లాగే ఉంది. నిద్రపోతోందనుకుని ఇంకోసారి మెల్లగా పిలిచాడు. చేయి ముట్టుకున్నాడు. ముట్టుకుని, డ్రైవరు హారను కొట్టబోతుంటే వద్దని సైగ చేశాడు.

చర్చికి మనిషిని పంపారు. ముక్తారు, డ్రైవరు, బస్టాండులో చాయ్ అమ్మే మనిషి కలిసి ఆమెను దించారు. బరువేమీ లేదు. మంచం వచ్చేదాకా ముక్తారు తన తువ్వాలు ఆమె తల కింద పెట్టి, పక్కన కూర్చుని ఉన్నాడు. మంచం వచ్చి, నలుగురూ ఎత్తుకుని చర్చి వైపు పోయాక, అలవాటు ప్రకారం ఎవరైనా ఏమైనా మరిచిపోయారేమోనని బస్సెక్కి సీట్లు చూశాడు.

డ్రైవరు వెనక సీటు మీద అద్దాల గుడ్డ మూట ఉంది. చేతిలోకి తీసుకున్నాడు. లోపల రొట్టెలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.